పదిహేను నిమిషాల సొనాటా, నాలుగు ఊర్లు

మా యాత్ర గురించి పేపర్ల వచ్చిన వార్త మీలో కొందరు చదివే ఉంటరు. "ఉత్తర తెలంగాణలో ఉప్పొంగిన పాశ్చాత్య సంగీతం" అని పెద్ద హెడ్డింగు, కింద మా అధ్యక్షులవారు దండ ఏసుకొని నవ్వుతున్న ఫోటో. అందుల ఊర్ల పేర్లు నిజమే. మిగిలింది మట్టుకు నేను చెప్తే తప్ప మీకు తెల్వదు. ఎందుకంటే ఆ నాలుగు రోజులు వ్యాన్‌ల కరెంటు పియానో పడిపోకుంట పట్టుకొని కూసున్నది నేను, దిగినంక దాన్ని వాయించింది నేను.

నా పేరు రాజేశం. కరీంనగర్‌ల ఒక ప్రైవేటు బడిల మ్యూజిక్ సార్‌ను. మా బాపు సిరిసిల్లల మరమగ్గం మీద బట్ట నేసిండు. నేను అయిదో తరగతిల ఉన్నప్పుడు మా బడిల ఒక కేరళ సిస్టర్ నన్ను పియానో ముందట కూసోబెట్టింది. అప్పటిసంది లేవలే. ఇప్పుడు మా బడిల మ్యూజిక్ పీరియడ్ వారానికొకటి. పరీక్షలు దగ్గరపడితే అది లెక్కల సార్‌కు పోతది. పరీక్షలు అయిపోతే ఎండకాలం సెలవులు.

సొనాటా అంటే ఏందో ముందుగాల్నే చెప్త, లేకుంటే జమ్మికుంటోళ్ల లెక్క మీరు గూడ నన్ను గడియారం గురించి అడుగుతరు. పాడే మనిషి లేకుంట, ఒకటో రెండో వాయిద్యాల మీద వాయించే పెద్ద రచన అది. నేను వాయించేదాంట్ల మూడు భాగాలు. మొదటిది జోరుగ, రెండోది నిమ్మళంగ, మూడోది మల్ల జోరుగ. మొదటి భాగానికి ఒక పద్ధతున్నది. ఒక స్వరమాల ఇంటి శ్రుతిల మొదలైతది, ఇంకోటి పక్క శ్రుతిల వస్తది. ఒకే ఇంటికి కొత్తగ వచ్చిన ఇద్దరు తోడికోడండ్ల లెక్క ఎవరి తీరు వాళ్లది. వినేటోళ్లకు యాదుండాలని ఇదంత ఇంకోసారి వాయిస్తరు. తర్వాత రెండు కలిసి కొట్లాడుకుంట ఏడేడనో శ్రుతులు తిరుగుతయి. చివరికి రెండూ ఇంటి శ్రుతికే వచ్చి కుదురుకుంటయి. ఇంతే. దీనికోసం యూరప్‌ల మూడు వందల ఏండ్లు తలలు బద్దలు కొట్టుకున్నరు.

నేను వాయించేది నేర్చుకునేటోళ్లకు మొదట ఇచ్చే చిన్న సొనాటా. మొత్తం కలిపి పదిహేను నిమిషాలు. ముప్పై ఏండ్లసంది ఇంట్ల వాయిస్తున్న. పది మంది ముందట మొదటికెల్లి చివరిదాక ఒక్కసారి గూడ వాయించలే. బడి వార్షికోత్సవంల మనకు మూడు నిమిషాలు ఇస్తరు, అందుల ఒకటి మైకు సరిచేసుకునేదానికే పోతది. అందుకే, "జిల్లాలకు సొనాటా తీసుకువెళ్తున్నాం, మీరే వాయించాలి" అని అధ్యక్షులవారు ఫోన్ చేస్తే, ఎప్పుడు, ఏడ అని గూడ అడగకుంట సరే అన్న.

అధ్యక్షులవారి పేరు డాక్టర్ సుదర్శనం. ఏం డాక్టరో నన్ను అడగొద్దు. హైదరాబాద్‌ల ఒక కళావేదిక నడుపుతరు. ఇంట్ల, బయట, వ్యాన్‌ల, ఏడైనా సరే మైకు ముందట ఉన్నట్టే మాట్లాడుతరు. కరీంనగర్ దాటకముందే నన్ను అడిగిండ్రు: "రాజేశం గారూ, మొదటి భాగంలో వాయించిందే మళ్ళీ వాయిస్తారట కదా. ఎందుకది? తీసేయండి. ప్రజల సమయం విలువైనది."

తీసేసిన. మా పియానో మీద పడకుంట నేను రెండు చేతులతోని పట్టుకున్న మూటలు చూస్తే, ప్రజల సమయం దేనికి పెట్టుకున్నరో అప్పుడే తెల్వాల్సుండె నాకు. అవన్నీ శాలువలు.

జమ్మికుంట

పత్తి సీజన్. ఊరి బయటికెల్లే రోడ్డు పొంటి పత్తి పింజలు. చెట్లకు, కరెంటు తీగలకు, బర్రెల కొమ్ములకు గూడ పత్తే. మార్కెట్ యార్డు ముందట బండ్లు లైన్ల నిలబడ్డయి. యార్డు పక్కన ఒక ఫంక్షన్ హాల్‌ల మా మీటింగు. గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద అధ్యక్షులవారి మొఖం తలుపంత ఉన్నది. ఒక మూలకు గిటార్ బొమ్మ. కింద "సోనాట యాత్ర". పియానో బొమ్మ దొరకలేదట.

హాల్ నిండింది. నాకు మస్తు సంబురమైంది. తర్వాత తెలిసింది, కాంటా కోసం పొద్దటిసంది నిలబడ్డ రైతులు కుర్చీలు, ఫ్యాన్లు కనబడితే వచ్చి కూసున్నరని. ముందు వరుసల ఒక పెద్దమనిషి, తలకు తువ్వాల చుట్టుకున్నడు, నన్ను పిలిచిండు.

"సార్, గిది గడియారాల కంపెనీ మీటింగా?"

"కాదు."

"మల్ల గా బోర్డు మీద గట్లనే ఉన్నది గదా. మా తమ్మునికి పెండ్లిల గదే సోనాట గడియారం పెట్టిండ్రు. ఇప్పటికీ నడుస్తుంది."

నేను తోడికోడండ్ల ముచ్చట చెప్పిన. మంచిగ విన్నడు. "అంటే పాడేటోళ్లు ఉండరు?"

"ఉండరు."

"సరే తియ్. మా బండి నంబరు వచ్చేదాక టైమున్నది. కొట్టుండ్రి."

కొట్టిన. మొదటి స్వరమాల అయింది, రెండోది అయింది, అవి కలిసి కొట్లాట మొదలుపెట్టే జాగకు వచ్చిన. గప్పుడే గేటు కాడ లొల్లి. ముఖ్య అతిథి వచ్చిండు. అధ్యక్షులవారు చెయ్యెత్తి నన్ను ఆపిండ్రు. దండలు, శాలువలు, దీపం. రైతులు కూసున్నదే ఫ్యాన్ల కోసం, అవి బంద్ చేస్తే లేచిపోతరని బంద్ చెయ్యలే. అందుకే దీపం అంటుకోలే. ఒక అగ్గిపెట్టె అయిపోయి ఇంకోటి తెచ్చిండ్రు.

"ఇప్పుడు సొనాటా ప్రారంభమవుతుంది" అన్నరు అధ్యక్షులవారు. మల్ల మొదటికెల్లి మొదలుపెట్టిన. మల్ల అదే జాగకు వచ్చేవరకు గౌరవ అతిథి వచ్చిండు. దండలు, శాలువలు. మూడోసారి మొదలుపెడితే విశిష్ట అతిథి వచ్చిండు. ఈయనకు అంతకుముందే ఏసిన రెండు శాలువలు వేరే మీటింగ్‌లయి, అవి తీయకుంటనే మాదొకటి ఏసుకున్నడు. అందరూ మాట్లాడిండ్రు. అన్నాల టైమైంది.

నేను వైర్లు చుట్టుకుంటుంటే ఆ తువ్వాల పెద్దమనిషి దగ్గరికొచ్చిండు. నన్ను బాధపెట్టొద్దని మెల్లగ అడిగిండు:

"సార్, ఏమనుకోకుండ్రి. మీకు గంతవరకే వచ్చా?"

 దీనికి జవాబు అధ్యక్షులవారే ఇచ్చిండ్రు. తెల్లారి పేపర్ల ఇట్ల వచ్చింది: శ్రోతల కోరిక మేరకు రాజేశం గారు అదే సొనాటాను మూడుసార్లు వాయించారు.

బెల్లంపల్లి

బొగ్గు ఊరు. ఒకప్పుడు షిఫ్టు దిగితే రోడ్డంత మనుషులే ఉండేటోళ్లట. ఇప్పుడు బొగ్గుబాయిలు ఒక్కొక్కటి మూతబడ్డయి, క్వార్టర్లల్ల తాళాలే ఎక్కువ. మా మీటింగు రిటైరైన కార్మికులు కట్టుకున్న ఒక చిన్న హాల్‌ల. మేం పోయేవరకు హాల్ ముందట చెప్పులు నిండ ఉన్నయి గని లోపల చప్పుడు లేదు. స్టేజీ మీద ఒక ఫోటో, దానికి దండ. ముందురోజు వాళ్లల్ల ఒకాయన, పోచం, పోయిండట. సంతాప సభ పెట్టుకున్నరు.

నేను వాపస్ పోదామన్న. అధ్యక్షులవారు ఒప్పుకోలే. "సొనాటాలో రెండవ భాగం విషాదమే కదా? సరిగ్గా సరిపోతుంది" అని ఫ్లెక్సీ మడతపెట్టించి, తెల్ల కండువ ఏసుకొని స్టేజీ ఎక్కిండ్రు. మా డ్రైవర్ సలీం భాయ్ నా పక్కన నిలబడి, "సాబ్, గీనకు అన్ని రంగుల కండువలు బండిలనే ఉంటయా?" అన్నడు. సలీం భాయ్‌కు యాభై ఏండ్లుంటయి, నోరు తెరిస్తే ఒక్కటే మాట, అది సక్కగ పోయి తగుల్తది.

రెండు నిమిషాలు మౌనం పాటించాలె. ఆ మౌనంల నన్ను వాయించమన్నరు. అందరూ లేచి నిలబడ్డరు. నేను రెండో భాగం మొదలుపెట్టిన. అది అంత విషాదమేం కాదు. నిమ్మళమైన మనిషి ఒక్కడు నడుసుకుంట తనల తానే మాట్లాడుకున్నట్టు ఉంటది. నాలుగు వరుసలు అయినంక హాల్‌ల దగ్గులు ఆగిపోయినయి. ఒకాయన కండ్లు మూసుకున్నడు. నాకు ముప్పై ఏండ్లల్ల ఎప్పుడూ కానిది ఆ రోజు అయింది: నేను ఏం వాయిస్తున్ననో గదిల ఉన్న ప్రతి మనిషి వింటుండని నాకు తెలిసింది.

"మౌనం ముగిసింది, అందరూ కూర్చోవచ్చు" అన్నరు అధ్యక్షులవారు మైకుల. సరిగ్గ రెండు నిమిషాలు. సగం గూడ కాలే. నా చెయ్యి ఒక పలుకు మీద ఉండంగనే కుర్చీలు కిర్రుమన్నయి.

నా వాయించుడు అయినంక లింగయ్య అని ఒక ముసలాయన, పోచంకు దోస్తు, నన్ను చాయ్‌కు తీసుకపోయిండు. వాళ్లింట్ల సర్వపిండి పెట్టిండ్రు. మా కరీంనగర్‌ల చేసేదానికంటే మందంగ ఉన్నది, కారం గూడ జర ఎక్కువ. తింటుంటే అడిగిండు.

"ఇంకున్నదా సార్ గా పాట?"

"ఉన్నది."

"నాకెరుకే. ఆగినట్టు లేకుండె. తెగినట్టుండె." ఇంకో ముక్క నా ప్లేట్ల ఏసిండు. "మా పోచం బాయిల ఈల ఏసేటోడు. లోపల చీకట్ల ఎవరు ఏడున్నరో కనబడదు గదా. ఆయన ఈల వినబడ్డంతసేపు మాకు ఫికర్ లేకుండె. మధ్యల ఆగితే పని బంద్ పెట్టి చూసేటోళ్లం, ఏమైంది అని."

"మిగిలింది ఇప్పుడు వాయిస్త, హాల్‌కు పోదాం పా" అన్న.

లింగయ్య నవ్విండు. "ఏడికెల్లి సార్, మైకు మీ పెద్దసార్ చేతిల ఉన్నది. గాయన ఇడిసిపెడతడా?"

ఇడిసిపెట్టలే. మేం పోయి చూసేవరకు అధ్యక్షులవారు పోచం మంచితనం గురించి మాట్లాడుతుండ్రు. పోచంను ఆయన చూసిందే ఫోటోల.

ఆదిలాబాద్

కెరమెరి ఘాట్ మలుపులల్ల పియానో ఒకసారి నా మీదికి, శాలువలు ఇంకోసారి పియానో మీదికి ఒరిగినయి. ఆదిలాబాద్‌ల చలి మా కరీంనగర్ చలి లెక్క కాదు, ఎముకలల్లకు పోతది. పొద్దున రోడ్డు పక్కన పోహా తిన్నం. పసుపు అటుకులు, మీద సన్న సేవు, పక్కకు నిమ్మకాయ బద్ద. ప్లేటు ఇరవై రూపాయలు. మేం ఇడ్లీకి అలవాటు పడ్డోళ్లం, గని రెండు ప్లేట్లు లాగించినం. హోటలాయన సగం మరాఠీ సగం తెలుగు. "పాహిజె కా సార్, ఇంకొక్కటి?" అనుకుంట మూడోది గూడ పెట్టబోయిండు.

ఇక్కడ ముగింపు సభ. ఒక కాలేజీ వార్షికోత్సవంతోని కలిపి పెట్టిండ్రు. మొత్తం వాయిస్త అని పొద్దుగాల్నే అధ్యక్షులవారికి ఖరాఖండిగ చెప్పిన. "తప్పకుండా, తప్పకుండా" అన్నరు.

ముందుగాల ఒక రిటైరైన తెలుగు పండితులు మాట్లాడిండ్రు. సొనాటా అన్న మాట మనదేనట. 'స్వనము' అంటే ధ్వని, 'ఆట' అంటే ఆట. స్వనాట. మన దేశంకెల్లి జర్మనీకి పోయి, ఆడి చలికి నోరు తిరగక సొనాటా అయిందట. హాల్‌ల చప్పట్లు దద్దరిల్లినయి. ఆదిలాబాద్ చలికి నా వేళ్లు గూడ తిరుగుతలేవు, అందుకే ఆ మాట నేను నమ్మే పరిస్థితిల ఉన్న. ఆ లెక్కన పియానో ఎవరిదో గూడ చెప్తరేమో అని చూసిన. టైం లేదన్నరు. అప్పటికి నలభై నిమిషాలైంది.

తర్వాత అధ్యక్షులవారు నా చెవుల చెప్పిండ్రు. "రాజేశం గారూ, మూడవ భాగం మాత్రం వాయించండి. సన్మానాలకు వెనుక నుంచి వస్తుంటే నిండుగా ఉంటుంది."

సన్మానం నలభై మందికి. నా మూడో భాగం నాలుగు నిమిషాలు. అది అయిపోయేవరకు తొమ్మిదో మనిషి నడుస్తుండు. చేతితోని సైగ చేసిండ్రు, కానియ్ అని. మల్ల కొట్టిన. ఆ భాగంల మొదటి స్వరమాల మాటిమాటికి తిరిగొస్తది, అది దాని పద్ధతి. ఇక్కడ అది తిరిగొచ్చినప్పుడల్ల ఒక కొత్త పేరు పిలిచిండ్రు, ఒక శాలువ కప్పిండ్రు. అయిదోసారి కొడుతుంటే నా పేరు గూడ పిలిచినట్టున్నరు. నాకు వినబడలే. ఎనుకకెల్లి ఎవరో వచ్చి నెత్తి మీదికెల్లి శాలువ ఏసిండ్రు. కండ్లకు అడ్డంబడ్డది. దాన్ని జరపబోయి మోచేయి తగిలి, ఏ అతిథి పెట్టిండో ఏమో, పియానో అంచున ఉన్న చాయ్ కప్పు వేళ్లతోని నొక్కే మెట్ల మీద బోర్లపడ్డది. పాలు, చక్కెర, అల్లం.

నేను శాలువతోనే తుడిసిన. ఆ నాలుగు రోజులల్ల ఒక శాలువ పనికొచ్చింది అదొక్కసారే.

ఖానాపూర్

ఇది మా యాత్రల లేదు. పేపర్ల గూడ లేదు. తెల్లారి హైదరాబాద్ పోయే ఒక పెద్దమనిషి కార్ల అధ్యక్షులవారికి సీటు దొరికింది. "యాత్ర దిగ్విజయంగా ముగిసింది" అని మాకు చెయ్యూపి పోయిండు. వ్యాన్‌ల నేను, సలీం భాయ్, చాయ్ తాగిన పియానో మిగిలినం.

పగటీలి అన్నాల టైంకు ఖానాపూర్‌ల ఆగినం. ఒక ఇంటి ముందటి అర్రల నాలుగు బల్లలు ఏసి మెస్ నడుపుతుంది గంగమణి అనే ఆమె. యాభైకి దగ్గర ఏండ్లుంటయేమో. అన్నం ఇంకా పొయ్యి మీదున్నది, జర కూసోండ్రి అన్నది. ఎట్లనన్న కూసునుడే గదా అని, పియానో ఎండిందో లేదో చూసుకుందామని ప్లగ్గు అడిగిన.

"పెట్టుకో సార్, గా ఫ్రిజ్ కాడున్నది. షాక్ గిట్ల కొట్టదు గదా?"

సలీం భాయ్, నేను పియానో దించి రెండు కుర్చీల మీద పెట్టినం. నాలుగు మెట్లు అతుక్కుంటున్నయి. తడిబట్టతోని తుడిసి, మొత్తం ఎట్ల పలుకుతుందో చూద్దామని మొదటి భాగం అందుకున్న. రెండు స్వరమాలలు అయినయి. అధ్యక్షులవారు చెప్పిన అలవాటు ప్రకారం సక్కగ కొట్లాటలకు పోయిన.

"ఆగు సార్!"

వంటింట్లకెల్లి గంగమణి గరిట చేతిల పట్టుకొని వచ్చింది. ఏదన్న కాలిపోయిందేమో అనుకున్న.

"మల్ల మొదటికి పోలేదేంది?" అన్నది.

"ఏ మొదటికి?"

"పాట మొదటికి. గీడిదాక వచ్చినంక మల్ల షురూకెల్లి కొట్టాలె గదా. తర్వాతనే గా లొల్లి మొదలయ్యేది."

నేను లేచి నిలబడ్డ. నాలుగు రోజులు, మూడు సభలు, వందలకొద్ది మనుషులు, ఒక డాక్టరు, ఒక పండితుడు. మొదటి భాగంల ఆ రెండు స్వరమాలలు రెండుసార్లు వాయించాలని నాకు చెప్పినామె గరిట పట్టుకొని నా ముందటున్నది.

"అక్కా, మీకెట్ల ఎరుక గిది?"

"కువైట్‌ల పదకొండేండ్లు ఉన్న సార్, ఒక్కటే ఇంట్ల, వంటపనికి. వాళ్ల బిడ్డ దానా. చిన్నప్పటిసంది నేర్చుకున్నది. వారానికి రెండుసార్లు ఒక టీచరమ్మ వచ్చేది. వంటింటి గోడకు ఆ పక్కనే పియానో. రెండేండ్లు గిదొక్కటే కొట్టింది గా పిల్ల. మొదట మొదట మస్తు తప్పులు. నేను గోడకు గరిటతోని కొట్టేదాన్ని, తప్పు అని. నవ్వేది." ఆమె గూడ నవ్వింది. "బాగొచ్చినంక నాకు గడియారం అక్కరలేకుండె. మొదటిసారి షురూ అయినప్పుడు బియ్యం ఏస్తే, రెండోసారి అయిపోయి లొల్లి కాడికి వచ్చేవరకు ఉడుకు పట్టేది. అప్పుడు మంట తగ్గించాలె. నువ్వు కొట్టినట్టు కొడితే నా బియ్యం పలుకు మీదనే ఉంటయి సార్."

నేను కూసొని మల్ల మొదటికెల్లి కొట్టిన. ఈసారి రెండుసార్లు. ఆమె లోపలికి పోయింది. లొల్లి మొదలైతుంటే లోపల గంజు మూత చప్పుడు వినబడ్డది.

మొదటి భాగం అయినంక రెండోది అందుకున్న. ఆమె కొంగుకు చేతులు తుడుసుకుంట వచ్చి గడపల నిలబడ్డది. నోట్లె నోట్లె నాతోని పాడుతుంది. ఒక్క పలుకు తప్పుతలేదు. సగందాక వచ్చినంక ఉన్నట్టుండి ఊకున్నది.

"గీడిదాకనే సార్ నాకొచ్చేది. టీచరమ్మ వాళ్ల దేశం పోయింది. పిల్లకు పెద్ద పరీక్షలొచ్చినయి, పియానో మీద బట్ట కప్పిండ్రు. తర్వాత నేను గూడ ఇంటికొచ్చిన. ఆరేండ్లయింది. ఇప్పటికీ అంట్లు తోముకుంట పాడుకుంట గీడిదాక వస్త, ఆగిపోత. తర్వాత ఏమైతదో తెల్వదు. ఎవర్ని అడగాల్నో గూడ తెల్వదు. గీ ఊర్ల ఎవర్ని అడుగుత?"

"కూసోండ్రి అక్కా" అన్న.

కూసున్నది. బల్ల మీద ఫోన్ నిలబెట్టి, "గా పిల్లకు పంపుత" అని రికార్డింగ్ నొక్కింది. అప్పటికి ఇద్దరు ట్రాక్టరోళ్లు, ఎరువుల దుకాణం ఆయన ఒకడు వచ్చి కూసున్నరు. అన్నం, అన్నం అంటుండ్రు.

"ఆగుండ్రి! సొనాటా అయితుంది" అన్నది గంగమణి, తల తిప్పకుంటనే. ఆ మాట నా జిందగీల మొదటిసారి విన్న. సలీం భాయ్ చెప్పకుంటనే లేచి వంటింట్లకు పోయి వాళ్లకు వడ్డించిండు.

నేను రెండో భాగం మల్ల మొదటికెల్లి చివరిదాక వాయించిన. ఆగకుంట మూడోది గూడ. మొత్తం. ఒక మెట్టు ఇంకా అతుక్కుంటనే ఉన్నది, అది వచ్చినప్పుడల్ల ఒక పలుకు మింగింది. అయిపోయింది. నేను చేతులు ఒళ్లె పెట్టుకున్న. ట్రాక్టరాయన చారు జుర్రిండు.

"గంతేనా?" అన్నది గంగమణి.

"అంతే."

ఆలోచించింది. ఆరేండ్లకు పైబడ్డ ముచ్చట, జల్ది తేల్చేది కాదు. "రెండోది నేననుకున్నట్టు కాలే. నేనింకా దుఃఖం వస్తదనుకున్న. మల్ల మొదటికే వచ్చి నిమ్మళమైంది. గది మంచిగున్నది. మూడోది బరాత్ లెక్కున్నది. గది గూడ బాగనే ఉన్నది గని, రెండోది అయినంక గంత జల్ది నవ్వొద్దుండె."

ఏండ్లకొద్ది పియానో నేర్పుకుంట, ఈ మాట నేను ఎవరికీ ఇంత సాఫుగ చెప్పలేకపోయిన.

అన్నం పెట్టింది. జొన్న రొట్టె, వంకాయ కూర, పప్పుచారు. అన్నం మెత్తగ, పొడిపొడిగ ఉన్నది. తింటుంటే ఆమె ఫోన్‌ల అరబ్బీ మాట్లాడి రికార్డింగ్ పంపింది. దానా ఇప్పుడు డెంటల్ కాలేజీల పండ్ల డాక్టరు చదువుతుందట. పండుగలకు మాట్లాడుకుంటరట. నేను చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఒక ఆడపిల్ల గొంతు, నవ్వుకుంట, పటపట అరబ్బీ. గంగమణి రెండుసార్లు విన్నది. నా దిక్కు చూసి చెప్పాల్నా వద్దా అన్నట్టు ఆగింది.

"చెప్పుండ్రి అక్కా."

"మొదటిది మంచిగ కొట్టినవంటుంది. మూడోది వాళ్ల టీచరమ్మ కంటే మంచిగున్నదట. రెండోది..."

"రెండోది?"

"మస్తు జల్ది కొట్టినవట. ఆయనను మెల్లగ కొట్టుమను, ఎనుకకెల్లి ఎవరు తరుముతుండ్రు అంటుంది."

తువ్వాల నా చేతిల ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. నిజమే. ఎప్పటిసంది అట్ల కొడుతున్ననో నాకే తెల్వదు. బెల్లంపల్లిల గూడ అట్లనే కొట్టిన కావచ్చు. బడిల మూడు నిమిషాలల్ల ఇరికించుడు మొదలుపెట్టినప్పటిసంది కావచ్చు. నాకు బొచ్చెడు మెమెంటోలున్నయి, సర్టిఫికెట్లున్నయి, అందరూ అద్భుతం అన్నోళ్లే. నీ చెయ్యి ఈడ తప్పింది అని చెప్పాలంటే ముందుగాల వినాలె గదా. సిస్టర్ పోయినంక నాకు ఆ మాట చెప్పినోళ్లు లేరు. కువైట్‌ల పండ్ల డాక్టరు చెప్పింది, ఖానాపూర్‌ల గంగమణి తెలుగుల అందుకున్నది.

బయట సలీం భాయ్ పియానో ఎక్కించేదానికి వ్యాన్ రివర్స్ చేసి, ఇంజన్ నడుస్తుంటే ఎనుక డోరు తెరిసి నిలబడ్డడు. జగిత్యాల దాటి చీకటి పడకముందు ఇంటికి చేరాలె.

"అక్కా, గా ఫోన్‌ల రికార్డింగ్ ఇంకోసారి పెట్టుండ్రి" అన్న.

తువ్వాల భుజం మీదేసుకొని కూసున్న. రెండో భాగం మొదటి పలుకు నొక్కి, అది పూర్తిగ వినబడేదాక ఆగి, తర్వాతి దానికి పోయిన. నాలుగో వరుస కాడ బయట ఇంజన్ బంద్ అయింది. సలీం భాయ్ చెప్పులు ఇడిసి, లోపలికొచ్చి, ట్రాక్టరోళ్ల పక్కన బల్ల మీద కూసున్నడు.